నాలుగు పళ్ళ దగ్గర తాళం

మార్టూరు,
12 జూన్ 2005.

ఒసే క్రిస్టీనా,

క్షేమమా అని అడగను. మొన్న ఆదివారం మీ అమ్మ వేటపాలెం నుంచి ఫోన్ చేసి నువ్వు బాగానే ఉన్నావనీ, కాకపోతే చిక్కిపోయావనీ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను. ఫోన్ చేస్తే "మళ్ళీ చేస్తానే" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవుగా.

మా షాపు సంగతి నీకు తెలుసు. ఆరు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, కరెంటు ఉన్నంతసేపు వ్యాపారం. పొద్దున కోర్సు నేర్చుకునేవాళ్ళు వస్తారు, సాయంత్రం రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల వాళ్ళు ఆటలకి వస్తారు. పోయిన నెల హైదరాబాదు నుంచి "బండ పందెం" అని కొత్త ఆట సీడీలు వచ్చాయి. పెట్టె మీద రాతిబండ లాగుతున్న ఒంగోలు గిత్తల జత, వెనకాల దుమ్ము. ఇదేందబ్బా అనుకుని ఒకటి వేసి చూశాను. అమ్మ బాబోయ్! ఎవరు చేశారోగానీ వాళ్ళ చేతులకి దండం పెట్టాలే. కాడికి ఎడమన దాపటెద్దు నిదానం, కుడిన ఎలపటెద్దు దూకుడు. మెడ మీద కాడి పడగానే దాపటది ఒకసారి తల విదిలిస్తుంది చూడు, అచ్చం నిజం ఎద్దే! బండ కదిలేటప్పుడు మట్టి గీరుకునే చప్పుడు కూడా వదల్లేదు. ఊళ్ళో అందరికీ గొప్పలు చెప్పుకుని మరీ అమ్మాను. ఇరవై సీడీలు వారంలో అయిపోయాయి.

అందులో ఒకటి బుల్లయ్య బాబాయ్ కొన్నాడు. గుర్తున్నాడా? రెండేళ్ళ కిందట తిరునాళ్ళ పందేలకి నువ్వు టేప్‌రికార్డర్ పట్టుకుని వస్తే, నీకు ఎడ్ల సంగతులన్నీ ఓపిగ్గా చెప్పాడే, ఆయనే. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఎడ్లను పందేల్లో తోలాడు. షీల్డులన్నీ ఎడ్లు గలవాళ్ళ ఇళ్ళకి పోయాయి. తనకంటూ ఒక జత ఏనాడూ లేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి పాలిష్ ఫ్యాక్టరీ దగ్గర వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా సీడీ కొని, దాని మీద స్కెచ్ పెన్నుతో నా చేత తన పేరు రాయించి, నా సొరుగులోనే పెట్టుకున్నాడు. "ఇయ్యే నా ఎడ్లమ్మా. ఇంకెవరికీ ఇయ్యమాక" అన్నాడు. మౌస్ పట్టుకోవడం నేర్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. తర్వాత చూడాలి ఆయన్ని! ఎడ్ల వయసుకి లెక్క పళ్ళేగా, పాల పళ్ళ పందెం గెలిచాడు, రెండు పళ్ళది గెలిచాడు, నాలుగు పళ్ళదీ గెలిచాడు. షాపులో అందరూ తమ ఆట ఆపేసి ఆయన వెనక నిలబడేవాళ్ళు.

ఇక ఆఖరిది, పెద్ద ఎడ్ల సీనియర్స్ వచ్చింది. ఎడ్లు బరిలోకి దిగాయి, పెద్ద బండ కనపడింది, కొక్కెం తగిలించారు. అప్పుడు తెర మీద తాళంకప్ప బొమ్మ! "సీనియర్స్ ఆడటానికి రెండో సీడీ కొనండి. వెల 299 రూపాయలు." మొదటి సీడీయే 349 పెట్టి కొన్నాం కదే! పెట్టె మీద "పాల పళ్ళ నుంచి సీనియర్స్ దాకా" అని అరచెయ్యంత అక్షరాలతో వేశారు కదే!

మిగతావాళ్ళు నా మీద అరిచారు. బాబాయ్ అరవలేదు. "కొక్కెం తగిలిచ్చినాక మళ్ళీ ఫీజు అడుగుతారంటమ్మా?" అని మెల్లగా లేచి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులైంది, రాలేదు. ఆ ఎడ్లను చేసిన చేతులేవో, ఈ తాళం వేసిన చేతులేవో నువ్వే కనుక్కుని రాయాలి. నువ్వు చేసేది కూడా ఆటల కంపెనీలోనే కదా. అన్నట్టు ఆ కంపెనీ పేరు నువ్వు ఇంతవరకు నాకు సరిగ్గా చెప్పనే లేదు.

కోపంతోనే,
మౌలాబీ.


హైదరాబాదు,
24 జూన్ 2005.

మౌలా,

నీ ఉత్తరం మొదటి సగం నాలుగుసార్లు చదువుకున్నాను. రెండో సగం ఒక్కసారే చదవగలిగాను.

ఆ ఎడ్లను చేసింది నేనే. దాపటెద్దు తల విదిలించడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అంతా పూర్తయ్యాక సీడీ పట్టుకుని స్వయంగా మార్టూరు వచ్చి, నిన్నూ బాబాయ్‌నీ కూర్చోబెట్టి చూపించాలనుకున్నాను. అందుకే పేరు దాచాను. ఈలోగా సెలవు ఇవ్వలేదు, సీడీ నాకన్నా ముందు నీ దగ్గరికి వచ్చేసింది.

రెండో సీడీ సంగతి అంటావా, వెలలు నిర్ణయించేది మేం కాదే. పైవాళ్ళు చూసుకుంటారు. పదిమందిమి రెండేళ్ళు చేసిన పని ఇది. విడుదలైన మూడో రోజుకే దొంగ కాపీలు నలభై రూపాయలకి దొరుకుతున్నాయి. జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి చెప్పు? ఇప్పుడు బయటి దేశాల్లో అన్ని ఆటలూ ఇలాగే ముక్కలు ముక్కలుగా అమ్ముతున్నారట.

నా ఉద్యోగం వచ్చాకే అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీ మానేసింది. జీడిగింజల పసరుకి ఆవిడ వేళ్ళు ఎలా ఉండేవో హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా నువ్వు చూశావు. ఇన్నేళ్ళకి వేళ్ళ మీద మామూలు చర్మం వచ్చింది. తమ్ముడు ప్రభు ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. ఇవన్నీ నీకు ఎందుకు చెబుతున్నానో నీకు అర్థమవుతుంది.

బాబాయ్ కోసం రెండో సీడీ నేనే కొని దీంతో పంపిస్తున్నాను. ఆయన్ని సీనియర్స్ ఆడమను. ఆడాక ఏమన్నారో అక్షరం వదలకుండా రాయి. అది నాకు చాలా ముఖ్యం. ఎందుకో ఇప్పుడు చెప్పను.

నీ క్రిస్టీనా.


మార్టూరు,
17 జూలై 2005.

ఒసే దొంగా,

ముందు నీకో ముద్దు. ఆ ఎడ్లు నీవని తెలిసినప్పటి నుంచి షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ "మా హాస్టల్ పిల్లే, నా పక్క మంచమే" అని చెప్పుకుంటున్నాను. లెక్కల పరీక్ష ముందు రోజు వాంతి చేసుకునే నువ్వేనా ఇంత పని చేసింది!

ఇక తిట్లు. నీ సీడీ బాబాయ్ తీసుకోలేదు. ఆయన్ని ఇంటికెళ్ళి బతిమాలి తీసుకొచ్చి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నాకొక్కడికే తలుపు తీస్తే మిగతా పందొమ్మిది మంది సంగతేందమ్మా?" అని బల్ల మీద పెట్టేశాడు. మా ఆయన లాల్ అహ్మద్ ఊరుకోలేక చిలకలూరిపేట వెళ్ళి తాళం పగలగొట్టిన కాపీ ఒకటి తెచ్చాడు. దానికి బాబాయ్, "నలభై ఏళ్ళలో ఎడ్లకి సూది మందు పొడిపిచ్చినోణ్ణి కాదు. ఇప్పుడు ఈ పని చేస్తానా?" అన్నాడు. మా ఆయన మొహం చూడాలి నువ్వు! ఆ కాపీని అక్కడే రెండు ముక్కలు చేసి బయట పారేశాడు.

నాకు ఆ క్షణంలో తెగువ వచ్చింది. బస్సెక్కి ఒంగోలు వెళ్ళి వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు ఎలా ఇవ్వాలో అడిగాను. అక్కడి గుమాస్తా నా మాటలన్నీ విని, "నువ్వు అమ్మేదానివమ్మా. కొన్నవాళ్ళు రావాలి" అన్నాడు. కాబట్టి ఫిర్యాది బుల్లయ్య బాబాయ్. మొదటి ప్రతివాది మీ కంపెనీ. రెండో ప్రతివాది ఎవరనుకున్నావు? సరుకు అమ్మిన షాపు కూడా ఉండాలన్నారు, కాబట్టి నేనే! నా మీద కేసు నా చేత్తోనే శుభ్రంగా తెలుగులో రాసుకున్నాను. బాబాయ్ సంతకం పెట్టడానికి ఐదు నిమిషాలు తీసుకున్నాడు, ఒక్క అక్షరం వంకర పోలేదు.

ఇప్పుడు అసలు విషయం. బాబాయ్ వద్దన్న నీ సీడీని నేను కంప్యూటర్‌లో పెట్టి తెరిచి చూశాను. అందులో ఏముంది క్రిస్టీ? ఒకే ఒక చిన్న ఫైలు ఉంది. మా చెల్లెలి పెళ్ళి ఫోటో అయినా దానికన్నా పెద్దది. అంత చిన్నదాంట్లో ఎడ్లు, బండ, బరి, జనం పడతాయా? నేనూ నువ్వూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నన్ను మభ్యపెట్టకు. ఫోరం నోటీసు అందగానే మీ కంపెనీ లాయరు మాత్రం సీనియర్స్ అనేది తర్వాత వేరే ఖర్చుతో చేసిన వేరే ఆట అని ఫోరానికి రాసిచ్చాడు.

ఒక్క మాట చెప్పు. సీనియర్స్ మొదటి సీడీలోనే ఉందా, లేదా?

మౌలాబీ.


హైదరాబాదు,
9 ఆగస్టు 2005.

ప్రియమైన మౌలాకి,

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. అటువైపు మిరప నార్లు పోశారా? అమ్మకి కొంచెం జ్వరం వచ్చి తగ్గింది. ప్రభు పరీక్షలు బాగా రాశాడు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయలేను. ఆఫీసు సంగతులు బయట చెప్పబోమని చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్నారు. నువ్వు కేసు వేశావని ఇక్కడ అందరికీ తెలిసింది. మార్టూరు పేరు విని ఒకరిద్దరు నా వైపు చూశారు. కొన్నాళ్ళు ఈ మాట ఎత్తకే.

బాబాయ్ కులాసాగా ఉన్నారా?

క్రిస్టీనా.


మార్టూరు,
2 అక్టోబరు 2005.

క్రిస్టీనా గారికి,

మీరు ఎత్తవద్దన్న మాట ఎత్తడం లేదు. బాబాయ్ కులాసా అడిగారు కాబట్టి అది మాత్రం రాస్తున్నాను.

ఆయన మళ్ళీ వస్తున్నాడు. కేసు వేశాక మొదలుపెట్టాడు. డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, నాలుగింటికి వచ్చి తన సీడీ తీసుకుంటాడు. సీనియర్స్ లేదుగా, నాలుగు పళ్ళ పందెమే రోజూ ఆడుతున్నాడు. గెలిచిన పందెమే మళ్ళీ మళ్ళీ ఎందుకని అడిగితే, "బండ వచ్చేదాకా ఎడ్లని ఖాళీగా ఉంచకూడదమ్మా, ఒళ్ళు వదిలేస్తయ్" అంటాడు.

మొన్న ఒక వింత జరిగింది. మీ ఆటలో చర్నాకోల బొమ్మ ఉంటుందిగా, అందరూ గంట కొట్టగానే దాన్ని టకటకా నొక్కుతారు. బాబాయ్ మొదటి నిమిషం మౌస్ మీద నుంచి వేలు ఎత్తేశాడు. ఎడ్లను వాటి పాటికి వదిలేశాడు. వెనక నిలబడ్డవాళ్ళు "కొట్టు బాబాయ్, టైమైపోద్ది" అని గోల. ఆయన కదల్లేదు. నిమిషం దాటాక చూడాలి ఆ ఎడ్లు! ఎప్పుడూ వెళ్ళనంత దూరం వెళ్ళాయి. పెట్టెలో ఇచ్చిన పుస్తకమంతా వెతికాను, ఈ సంగతి ఎక్కడా లేదు. "నీకెట్టా తెలిసింది బాబాయ్?" అంటే, "ఎద్దుల్ని చేసినోళ్ళకి ఎద్దు సంగతి తెలిసే ఉంటదని నమ్మి చూశానమ్మా" అన్నాడు.

ఆయన నమ్మింది మిమ్మల్నే. మీరు జవాబు రాయలేనన్న సంగతి నేను ఆయనకి చెప్పలేదు. కేసు వాయిదా నవంబరు 18న ఉంది. మీ కంపెనీ కాగితం మీద మాట ఉంది, మా దగ్గర అనుమానం ఉంది. ఓడిపోతామని గుమాస్తా కూడా అన్నాడు.

ఇట్లు,
షేక్ మౌలాబీ, రెండో ప్రతివాది.


హైదరాబాదు,
21 అక్టోబరు 2005.

మౌలా,

ఇంకోసారి నన్ను "గారు" అంటే బస్సెక్కి వచ్చి నీ జుట్టు పీకుతాను.

ఉంది. సీనియర్స్ మొత్తం మొదటి సీడీలోనే ఉంది. ఎడ్లు, బండ, బరి, జనం అన్నీ ఉన్నాయి. రెండో సీడీలో ఉన్నది తాళంచెవి ఒక్కటే. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. బెంచీ మీద కూడా నువ్వే ముందు పట్టుకునేదానివి.

ఇంకా ఉంది, విను. పోయిన డిసెంబరులో ఒక మీటింగు పెట్టారు. "ఆడేవాళ్ళు ఎక్కడ లేవలేరు?" అని పైవాళ్ళు అడిగారు. ఆట గురించి అడుగుతున్నారనుకున్నాను. క్లాసులో జవాబు తెలిసినదానిలా చెయ్యెత్తి, "నాలుగు పళ్ళు గెలిచి, సీనియర్స్ బండకి కొక్కెం తగిలించినప్పుడు. మా వైపు ఆ సమయంలో ఇల్లు అంటుకున్నా ఎవరూ లేవరు" అన్నాను. అందరూ నవ్వారు, నన్ను మెచ్చుకున్నారు కూడా. వారం తర్వాత సరిగ్గా అక్కడే తాళం పెట్టమన్నారు. పెట్టింది ఎవరనుకున్నావు, నేనే. ఎడ్లను చేసిన చేతులూ తాళం వేసిన చేతులూ ఒకటేనే. నీ మొదటి ఉత్తరంలో అడిగావు, నాలుగు నెలలు మింగేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆ మొదటి నిమిషం సంగతి అంటావా, అది తిరునాళ్ళలో బాబాయే నాకు చెప్పారు. "తొలి నిమిషం ఎద్దుని దాని ఊపిరి దాన్ని చూసుకోనియ్యాలమ్మా. కొడితే మన కోసం లాగుద్ది, కొట్టకపోతే తన కోసం లాగుద్ది" అన్నారు. ఆ మాట మీదే నేను ప్రోగ్రాం రాశాను. పుస్తకంలో వేయలేదు. మా ఆఫీసులో ఆటను పరీక్షించేవాళ్ళు ఆరు నెలలు ఆడి కూడా కనిపెట్టలేదు. ఆయన నమ్మి చూశారట! ఆ వాక్యం దగ్గర నీ ఉత్తరం మూసేసి, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఇంకొక్కటి దాచాను. సీనియర్స్‌లో ఎడ్లు అలిసి ఆగిపోబోతున్నప్పుడు తోలేవాడి కేక వస్తుంది. "రారా నా తండ్రీ, ఒక్కడుగు, ఒక్కడుగు" అని. అది బాబాయ్ గొంతే, నేను టేప్‌లో పట్టుకొచ్చిందే. ఆయనకి చూపించాలని దాచుకున్నది అదే. ఆయన గొంతును ఆయనకే తాళం వేసి అమ్మబోయాం మౌలా.

నిన్న మా మేనేజరుకి చెప్పేశాను, ఫోరంలో నిజం రాసిస్తానని. దీంతో పాటు అఫిడవిట్ పంపుతున్నాను. నోటరీ ముందు సంతకం బాగానే వచ్చింది. ముందు అమ్మకి ఫోన్ చేశాను. "ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలా, నా వేళ్ళూ ఎక్కడికీ పోలా. నువ్వు రాయి" అంది.

నీ, నీ, నీ
క్రిస్టీనా.


మార్టూరు,
26 ఫిబ్రవరి 2006.

ఒసే నా బంగారు కొండా,

గెలిచాం! తీర్పు దాకా పోలేదులే. నవంబరులో నీ కాగితం ఫోరం ముందు పెట్టగానే మీ లాయరు మొహం వాడిపోయింది, రెండు వాయిదాలు అడిగాడు. మూడోసారి వచ్చి, సీనియర్స్ ఎందులో ఉంటేనేం, రెండో సీడీ ఇష్టమున్నవాళ్ళు కొనుక్కునేదే కదా అని మొదలుపెట్టాడు. ఫోరం ప్రెసిడెంటు గారు బాబాయ్ వైపు తిరిగి, మీరేమంటారు అన్నారు. బాబాయ్ చేతులు కట్టుకుని లేచాడు.

"అయ్యా, వేరే పందేనికి వేరే ఫీజంటే ఇస్తా. బండ ఈ బరిలోనే ఉంది. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ తియ్యటానికి డబ్బులు అడుగుతుండారు" అన్నాడు.

ప్రెసిడెంటు గారిది కూడా ఎడ్ల పందేలు జరిగే అద్దంకి వైపే అనుకుంటాను, నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నష్టపరిహారం ఎంత కావాలని అడిగారు. "డబ్బులు నాకెందుకయ్యా, బండ ఇప్పించండి" అన్నాడు. అదే రాజీ అయింది. కొన్న ప్రతివాళ్ళకీ తాళంచెవి ఉచితంగా పంపిస్తారట, పెట్టె మీద రాత కూడా మారుస్తారట. రెండో ప్రతివాదిని మందలించి వదిలేశారు, పెట్టె వెనక రెండో సీడీ గురించిన చిన్న అక్షరాలు చదవకుండా అమ్మినందుకు. నిజమే, నేను చదవలేదు. ఇకనుంచి పెట్టె వెనక రాతంతా చదివిగానీ ఏ సీడీ అమ్మను.

నిన్న తాళంచెవులు వచ్చాయి. సాయంత్రం నాలుగింటికి షాపు కిటకిటలాడిపోయింది. పాలిష్ ఫ్యాక్టరీల వాళ్ళు ఒంటి మీద రాతిపొడి దులుపుకోకుండా వచ్చేశారు. బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీలో కూర్చునే ముందు చెప్పులు విడిచాడు. కొక్కెం తగిలించారు, తాళం రాలేదు. తొలి నిమిషం ఆయన వేలు పైకెత్తే ఉంచాడు, ఈసారి ఎవరూ గోల చేయలేదు. ఎడ్లు సాగాయి. మూడో చుట్టులో దాపటది మోకాళ్ళు వంచింది. అప్పుడు వచ్చింది కేక, "రారా నా తండ్రీ, ఒక్కడుగు, ఒక్కడుగు!"

షాపంతా గుర్తుపట్టిందే! అందరూ నా వైపు చూశారు. నేను వేలు నోటి మీద పెట్టాను. మా ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. గుర్తుపట్టనిది ఒక్క బాబాయే. తన గొంతు బయటి నుంచి ఎలా ఉంటుందో ఆయన ఏనాడు విన్నాడు కనక?

పందెం గెలిచాడు. మౌస్ వదిలాడు. తర్వాత నన్ను పిలిచి అడిగాడు.

"ఎవరమ్మా ఆ తోలేవాడు? ఒక్క బూతు లేదు, తిట్టు లేదు. కన్నబిడ్డని పిలిచినట్టు పిలుస్తుండాడు. ఇట్టాంటోడి దగ్గర నేను పని నేర్చుకునుంటే ఎంత బాగుండేది! ఆ మనిషిది ఏ ఊరో మీ క్రిస్టీనమ్మని అడిగి కనుక్కో."

క్రిస్టీ, నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారని ప్రభు చెప్పాడు. రెండు నెలలైందట. నువ్వు మాత్రం ఆ ముక్క రాయలేదు, అలవాటు పోదు నీకు. నా షాపులో ఆరో కంప్యూటర్ మధ్యాహ్నమంతా ఖాళీగానే ఉంటుంది. వచ్చి దాని ముందు కూర్చో, ఈసారి తాళం లేని ఎడ్లు చేద్దాం. అమ్మని కూడా తీసుకురా, ఆవిణ్ణి ఫ్యాక్టరీ గడప తొక్కనిస్తే నీ సంగతి చూస్తాను.

ఆ మనిషిది ఏ ఊరో నువ్వే వచ్చి ఆయనకి చెప్పు. ఆదివారం చీరాల బస్సుకి బయల్దేరు. నిన్నటి నుంచి బాబాయ్ నాలుగుసార్లు అడిగాడు, నేను ఇంకా చెప్పలేదు. నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాదని నీకు తెలుసుగా, త్వరగా రావే.

నీ పక్క మంచం,
మౌలాబీ.